ముఖం మిగిలిపోయిన బొమ్మ

పోయిన వారం మనం జినోవీని అగాఫియమ్మ ముందుగదిలో, దేవుడి పటాల మూలన, చేతిలో టోపీతో నిలబెట్టి వచ్చేశాం. ఆ టోపీ హరితోన్‌ది కాదని అతనికి అప్పుడే తెలిసింది. ఆ తెలిసిన మనిషిని అలా వదిలెయ్యడం మన తప్పే గానీ, ఏం చేస్తాం, అక్కడికి కాగితం అయిపోయింది.

ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. జినోవీ కొసాక్కు కాదు, అంటే గుర్రాల మీదే పుట్టి పెరిగే ఇక్కడి సైనికుల జాతివాడు కాదు. ఎక్కడో ఉత్తరాన అడవుల్లో పుట్టి, చర్చి గోడల మీద దేవుళ్ళ బొమ్మలు వెయ్యడానికి దోన్ నది ఒడ్డున ఉన్న ఈ కొసాక్కుల ఊరికి వచ్చి, పని అయ్యాక కూడా వెళ్ళకుండా ఇక్కడే ముసలివాడైపోయిన బ్రహ్మచారి. యుద్ధం మొదలైన ఏడు వేసవిలో అగాఫియమ్మ తన ఒక్కగానొక్క కొడుకు హరితోన్ నిలువెత్తు బొమ్మ వెయ్యమంది. జినోవీ నీలం కోటు వేశాడు, ఎర్ర చారల లాగు వేశాడు, కత్తి ఒర వేశాడు, టోపీ వేశాడు. ముఖం ఒక్కటే మిగిలింది. అంతలో సైన్యం నుంచి పిలుపు వచ్చింది, కోత సగంలో ఆపి హరితోన్ గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. మరుసటేడు మంచు కరిగే రోజుల్లో అతని నేస్తం యెలిజార్ ఆ గుర్రాన్ని నడిపించుకుంటూ తిరిగొచ్చి, అగాఫియమ్మ చేతిలో ఒక టోపీ పెట్టాడు.

చచ్చిపోయిన కొసాక్కు టోపీ ఇల్లు చేరితే దాన్ని దేవుడి పటాల కింద పెడతారు. ఆ ఇంటి కోడలు మళ్ళీ పెళ్ళి చేసుకునేదాకా అది అక్కడే ఉంటుంది. పెళ్ళినాటి పొద్దున కొత్త పెళ్ళికొడుకు దాన్ని ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళి, మన్నించు నేస్తం అని చెప్పి నీళ్ళలో వదులుతాడు. హరితోన్ పెళ్ళాం వాస్సాకు ఈ ఆదివారం పెళ్ళి. పెళ్ళికొడుకు యెలిజారే. టోపీ నీళ్ళలో పడిందంటే హరితోన్ లెక్క తేలిపోయినట్టే, ఇక ఊళ్ళో ఎవరూ అతని దారి చూడరు. ఈలోగా బొమ్మకి ముఖం పెట్టెయ్యమని అగాఫియమ్మ కబురు పెడితే జినోవీ వెళ్ళాడు. నుదుటి మీద టోపీ నీడ ఎక్కడిదాకా పడుతుందో చూద్దామని పటాల కింద ఉన్న టోపీని చేతిలోకి తీసుకున్నాడు. అదీ సంగతి.

టోపీ ముందు అంచు చెక్కు చెదరకుండా నున్నగా ఉంది. బొమ్మలో ఉన్న టోపీకి ఆ అంచు మధ్యలో విరిగి ఉంటుంది. గుర్రం తొక్కితే విరిగింది. హరితోన్ దాన్ని నల్లదారంతో తనే కుట్టుకున్నాడు. ఆ కుట్లు ఒక్కొక్కటీ జినోవీ తన సన్నకుంచెతో వేశాడు.

అతను టోపీని మెల్లిగా ఉన్నచోటే పెట్టేశాడు. యుద్ధంలో టోపీలు మారవా ఏం, విరిగినదాని బదులు కొత్తది ఇచ్చి ఉంటారులే అని తనకి తను చెప్పుకున్నాడు. మనసు వింటేగా. రంగులు కలిపే పని ఉందని అబద్ధమాడి బయటపడి, నేరుగా ఏటి ఒడ్డుకి నడిచాడు.

యెలిజార్ పడవని బోర్లించి అడుగున తారు పూస్తున్నాడు. యుద్ధంలో దెబ్బతిన్న కుడిచెయ్యి ముడుచుకుపోయింది, ఎడం చేత్తోనే కుంచె పట్టుకున్నాడు.

"ఏం రంగులాయనా, నాకు సాయం వచ్చావా? ఇదీ పూత పనేగా."

"టోపీ గురించి వచ్చాను."

"ఏ టోపీ?"

"ఆదివారం నువ్వు నీళ్ళలో వెయ్యబోయేది."

యెలిజార్ కుంచె ఆపలేదు. "దాని సంగతి నీకెందుకయ్యా? చెట్టునార చెప్పులేసుకుని ఆ ఉత్తరాది అడవుల్లోంచి వచ్చినోడివి. నీ దేవుళ్ళ బొమ్మలు నువ్వు వేసుకో, మా టోపీల జోలికి రాకు."

"నారచెప్పులోణ్ణే. కానీ హరితోన్ టోపీ మీ అందరికంటే నాకు బాగా తెలుసు. దాని అంచు విరిగి ఉండాలి. పటాల కింద ఉన్నదానికి విరగలేదు."

"టోపీలు మారుతుంటాయి."

"మారతాయి. నేనూ అదే అనుకుంటూ వచ్చాను. ఇది హరితోన్ తల మీంచి తీసిందే అని ఒక్క మాట అను. వెళ్ళిపోతాను, మళ్ళీ ఈ ఊసు ఎత్తను."

యెలిజార్ కుంచెని తారు బక్కెట్లో ముంచాడు. ముంచి తియ్యడం మర్చిపోయాడు. ఏటి వంక చూస్తూ నిలబడ్డాడు. జినోవీ పక్కనే ఉన్న మొద్దు మీద కూలబడ్డాడు. అతనికి అప్పటికే వినాలని లేదు. వచ్చినందుకు తనని తను తిట్టుకుంటున్నాడు.

"అది నాదే," అన్నాడు యెలిజార్.

"నీదా?"

"నా తల మీదిది. వాడిది నేను చూళ్ళేదు. వాడు చచ్చిపోవడమూ నేను చూళ్ళేదు." యెలిజార్ గొంతు మామూలుగానే ఉంది, పశువుల బేరం గురించి మాట్లాడుతున్నట్టు. "వాగు దాటుతుంటే కాల్పులు మొదలయ్యాయి. వాడు గుర్రం మీంచి పడ్డాడు. గుర్రం నా వెనకే ఈదుకుంటూ వచ్చేసింది. ఇవతల గట్టెక్కి చూస్తే వాడు అవతల బురదలో ఉన్నాడు. పడుకుని కాదు, కూర్చుని. నన్ను చూసి చెయ్యి ఊపాడు."

"రమ్మనా?"

"రమ్మనో, పొమ్మనో. నాకేం తెలుసు? అది తెలిస్తే నేనీపాటికి ఇలా ఉండేవాణ్ణా?"

"నువ్వు వెళ్ళలేదు."

"వెళ్ళలేదు. మిగతావాళ్ళు వెనక్కి తిరిగారు, నేనూ తిరిగాను. తర్వాత నాకు ఈ చెయ్యి పోయింది, ఇంటికి పొమ్మన్నారు. గుర్రాన్ని తీసుకుని బయల్దేరాను. టోపీ లేకుండా ఉత్త గుర్రం వస్తే ఊళ్ళో ఏమంటారో నీకు తెలీదా? లొంగిపోయాడంటారు. శత్రువు చేతి కూడు తింటున్నాడంటారు. ఆ మాట ఎలా ఆపాలా అని దారంతా ఆలోచిస్తూనే వచ్చాను, ఏమీ తోచలేదు. తీరా వచ్చేసరికి ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది. గుర్రాన్ని చూసింది. ఒక్క మాట అడగలేదు, రెండు చేతులూ చాచింది. ఆ చేతుల్లో ఏం పెట్టను? గుర్రం మెడ చాటున వంగి, నా నెత్తిన ఉన్నది తీసి పెట్టాను."

 అలా చాచిన తల్లి చేతుల ముందు నిలబడితే ఈ ఊరివాడు ఎవడైనా అదే చేసేవాడు, ఆ సంగతి జినోవీకీ తెలుసు. టోపీ లేని చావుకి ఈ ఊళ్ళో ఏడుపు కూడా దక్కదు. అయినా అతనికి కోపం వచ్చింది.

"సరే. టోపీ పెట్టావు. పెళ్ళెందుకు?"

"వాళ్ళకి పిడకలు తోలిపెట్టడానికి వెళ్ళేవాణ్ణి. పైకప్పు నేసిపెట్టడానికి వెళ్ళేవాణ్ణి. మనసు ఊరుకోక వెళ్ళేవాణ్ణనుకో. వెళ్ళగా వెళ్ళగా వాడి ఆడపిల్లలిద్దరూ నేను రాకపోతే అన్నం తినడం మానేశారు. వాస్సా కూడా..." మిగతాది మింగేశాడు.

"ఆమెకి తెలుసా?"

"తెలిస్తే చేసుకుంటుందా?"

"చెప్పు మరి. ఆదివారం లోపల చెప్పు. నీ టోపీనే నీళ్ళలో వేసి, దానికే దండం పెట్టి, బతికున్నాడో లేదో తెలీని మనిషిని చంపేస్తావా?"

"నా వల్ల కాదు జినోవీ. ఎన్నిసార్లు నోరు తెరిచానో. నువ్వే చెప్పెయ్. నాకు ప్రాణం హాయిగా ఉంటుంది." అని మళ్ళీ తారు పూయడం మొదలుపెట్టాడు. పూసినచోటే పూస్తున్నాడు.

జినోవీ గట్టు మీదుగా వెనక్కి నడిచాడు. చెబితే పాదిరి పెళ్ళి చెయ్యడు. వాస్సా ఇటు ముత్తయిదువా కాదు, అటు విధవా కాదు, ఇద్దరు ఆడపిల్లలతో మరో చలికాలం. చెప్పకపోతే ఆ బురదలో కూర్చున్నవాడు ఆదివారంతో పోయినట్టే. ఎటు చూసినా గోడే. కనీసం తల్లికైనా తెలియాలి, నిర్ణయం ఆవిడది అనుకున్నాడు. అలా అనుకుంటే కాస్త ఊపిరాడింది. మోసేవాళ్ళు ఇంకొకరు దొరికారని మనిషికి అదో పాడు సుఖం.

అగాఫియమ్మ వంటింట్లో గుమ్మడికాయ కోస్తోంది. పొయ్యిలో పిడకలు రాజుకుంటున్నాయి. వాస్సా పిల్లల్ని తీసుకుని పెరట్లో పొద్దుతిరుగుడు తలలు దులుపుతోంది, ఆ చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

"అమ్మా, ఒక మాట చెప్పాలి. కత్తి పక్కన పెట్టు."

"కత్తి చేతిలో ఉంటేనే నాకు వినబుద్ధి అవుతుంది. చెప్పు."

"ఆ టోపీ హరితోన్‌ది కాదు."

"తెలుసు," అని అగాఫియమ్మ గింజలు తీసి పళ్ళెంలో వేసింది.

జినోవీ కూర్చున్న బల్ల మీంచి సగం లేచాడు. "ఎప్పట్నించి?"

"నా చేతిలో పడ్డప్పట్నించి. వాడి టోపీ లోపలి గుడ్డ కింద ప్రార్థన రాసిన పేలిక పెట్టి నేనే కుట్టాను. ఆ వేళ నా వేళ్ళు ముందు అక్కడికే పోయాయి. ఏమీ లేదు. పైగా టోపీ ఇంకా వెచ్చగా ఉంది. ఎప్పుడో పోయినవాడి టోపీ వెచ్చగా ఎలా ఉంటుంది నాయనా? ఎదురుగా ఉన్నవాడి తల చూశాను. జుట్టు టోపీ ఒత్తుకి అణిగిపోయి ఉంది."

"తెలిసి ఊరుకున్నావా?"

"ఊరుకోక? అప్పటికే పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు గుమికూడి ఉన్నారు. ఇది మావాడిది కాదు అన్నానంటే ఆ క్షణం నుంచి నా కొడుకు లొంగిపోయిన కుక్క. టోపీ వచ్చిన ఇంటికి ఊరంతా కలిసి పొలం దున్నిపెడతారు. టోపీ రాని ఇంటివైపు ఎవడూ తల తిప్పడు. కోడలు పిల్ల, ఇద్దరు ఆడపిల్లలు. నేను టోపీని ముద్దు పెట్టుకుని ఏడ్చాను. ఏడుపు మాత్రం నిజమే."

"యెలిజార్ చెప్పాడు. అతను చివరిసారి చూసినప్పుడు హరితోన్ బతికే..."

"వద్దు." అగాఫియమ్మ మొదటిసారి కత్తి కింద పెట్టింది. "అది నాకు చెప్పొద్దు. ఎక్కడ చూశాడు, ఎలా చూశాడు, ఏదీ వద్దు. తెలిస్తే నేను రోజూ అక్కడికి నడుస్తాను."

"వాస్సాకి చెప్పాలి కదమ్మా. వాడు ఉంటే?"

"లేడు. ఉంటే ఈపాటికి ఏదో ఒక గాలి కబురైనా వచ్చేది. లేడని నాకు తెలుసు. తెలిసినా నా చెవి గేటు దగ్గరే ఉంటుంది, అన్నం తింటున్నా సరే. అదొక రోగం. ఆ రోగం దానికి అంటించమంటావా? దానికింకా వయసుంది. యెలిజార్ పిరికివాడు గానీ చెడ్డవాడు కాదు. దాన్ని చూసుకుంటాడు. ఎదురుచూడ్డానికి ఈ ఇంట్లో ఒకరు చాలు."

పెరట్లో వాస్సా దేనికో నవ్వింది. ఇద్దరూ ఆ నవ్వు అయ్యేదాకా ఆగారు.

"నువ్వు ముఖం వేసిపెట్టు, అంతే," అంది అగాఫియమ్మ. ఈసారి గొంతు తగ్గింది. "పెళ్ళి కోసం కాదు, ఎవరికో చూపించడానికి కాదు. నాకు వాడి మొహం రావడం లేదు జినోవీ. భుజాలు వస్తాయి, నడక వస్తుంది, దగ్గు వస్తుంది. మొహం దగ్గరికి వచ్చేసరికి అటు తిరిగిపోతాడు. కన్నతల్లిని, ఎవరితో చెప్పుకోను? ఫొటో తీయించుకోరా అంటే, రంగు బొమ్మ వేయించుకుంటుంటే ఆ బూడిద మొహం ఎందుకే అన్నాడు. నువ్వు అన్ని రోజులు ఎదురుగా కూర్చోబెట్టుకుని చూశావు. నీకు గుర్తుంటుంది."

ఈ మాటకే జినోవీ పొద్దున్నుంచీ భయపడుతున్నాడు. టోపీ గొడవ వచ్చిపడింది గానీ, నిజానికి అతన్ని ఆ బొమ్మ దగ్గర్నించి తరిమింది ఇదే.

"నాకూ గుర్తులేదమ్మా."

అగాఫియమ్మ అర్థం కానట్టు చూసింది.

"మా గురువు నేర్పింది అది. ముందు బట్టలు, ఆయుధాలు, చివరికి ముఖం. అప్పటిదాకా ముఖం వైపు చూడకూడదు అనేవాడు. ముఖం చూస్తే మనసు దాని మీదికి పోయి బట్ట చెడుతుందట. నేను అలాగే చేశాను. గుండీలు చూశాను, కుట్లు చూశాను. పిల్లవాడు నాతో కబుర్లు చెబుతుంటే కూడా వాడి బెల్టు చూస్తూ ఊకొట్టాను. ఎదురుపడితే గుర్తుపడతాను. కళ్ళు మూసుకుంటే రాడు." అతను తన చేతులు తిప్పి చూసుకున్నాడు. "ఇంతకంటే పనికిమాలిన పనితనం ఉంటుందా అమ్మా."

ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని పెరటి గుమ్మంలోకి వెళ్ళి, "వాస్సా, ఇలా రామ్మా," అని పిలిచింది.

వాస్సా పొట్టు అంటిన చేతులతో వచ్చింది. హరితోన్ ముఖం ఎలా ఉండేదో తనే చెప్పి వేయించాలని విని ముందు తెల్లబోయింది. తర్వాత ముందుగదిలోకి వచ్చి బొమ్మకి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. కోటు కాలరు పైన, టోపీ కింద, పచ్చటి మట్టిరంగు పూసిన ఖాళీ. అగాఫియమ్మ ఉండలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"చెప్పగలవా తల్లీ?"

"ఎందుకు చెప్పలేను బాబాయ్, మొగుడు కదా. పెళ్ళికి ముందు ఒకసారి ఇలా తల్చుకుంటే తప్పేం లేదులే." ఆమె ఆ ఖాళీ వంక చూసింది. "కనుబొమలు గుబురుగా ఉండవు. చివర కొంచెం కిందికి జారతాయి, ఎప్పుడూ ఎవరో తిట్టినట్టు."

జినోవీ కుంచె తీశాడు. కుంచె కదలగానే చెయ్యి తన పని తను చేసుకుపోయింది.

"ఇంకా కిందికి. ఆఁ. కళ్ళు లోపలికి ఉంటాయి. బుగ్గ ఇక్కడ కాస్త గుంట. ముక్కు అంత సూటిగా ఉండదు బాబాయ్, అందగాణ్ణి చేసేస్తున్నావు నువ్వు. పెదవి ఈ మూల మాత్రం పైకి లేవాలి. నవ్వుతున్నాడో, నవ్వొద్దని ఆపుకుంటున్నాడో తెలీకూడదు."

ఆమె చెబుతూంటే అతను వేస్తూ, అతను వేసింది చూసి ఆమె దిద్దుతూ, పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆమె గొంతులో హుషారు పెరిగింది. ఒక దశలో లేచొచ్చి వేలితో గాల్లో దవడ గీసి చూపించింది. జినోవీకి కూడా పొద్దున్నుంచి గుండె మీద ఉన్న బండ కాస్త జరిగింది. మనిషి వస్తున్నాడు. కన్ను తర్వాత కన్ను, ముక్క తర్వాత ముక్క, మట్టిరంగులోంచి ఒక మనిషి వస్తున్నాడు.

"అదే," అంది వాస్సా. ఆమె కళ్ళలో నీళ్ళు. "అచ్చం అదే. మర్చిపోయాననుకున్నాను బాబాయ్. ఎవరికీ చెప్పలేదు గానీ ఎంత భయపడ్డానో. మర్చిపోలేదు, చూశావా."

జినోవీ కాస్త దూరం నుంచి చూద్దామని గోడ దాకా వెనక్కి నడిచాడు. అప్పుడు చూశాడు.

బొమ్మలోంచి తనని చూస్తున్నవాడు యెలిజార్. సందేహమే లేదు. పొద్దున తారు బక్కెట్ పక్కన నిలబడి ఏటిని చూసిన ముఖమే, హరితోన్ కోటులో, హరితోన్ టోపీ కింద. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. రోజూ కళ్ళెదుట తిరిగిన ముఖం, ఎదుట లేని ముఖాన్ని కొంచెం కొంచెంగా చెరిపేసి దాని చోటులో కూర్చుంది. ఆమెకి అదే హరితోన్. ఇక లోకంలో ఎవరి దగ్గరా అసలు ముఖం లేదు. భార్య దగ్గర లేదు, తల్లి దగ్గర లేదు, చూసి వెయ్యాల్సినవాడి దగ్గర లేదు.  జినోవీ చేతిలో గుడ్డ ఉంది, రంగు ఇంకా పచ్చిగానే ఉంది, ఒక్కసారి తుడిస్తే పోతుంది. కానీ ఏమని తుడవాలి, ఆ పిల్ల ముందు?

"అయిందా?" అంటూ అగాఫియమ్మ లోపలికి వచ్చింది.

ఆవిడ బొమ్మ ముందు నిలబడింది. జినోవీ ఆవిడ ముఖమే చూశాడు. ఆ ముఖంలో ఏమీ మారలేదు. ఆవిడ చెయ్యి చాచి, తడిరంగుకి తగలకుండా, బొమ్మ బుగ్గ పక్కన గాలిని నిమిరింది.

"వీడే," అంది.

నిజంగా మర్చిపోయి అందో, కోడలి కోసం అందో, జినోవీకి అంతుపట్టలేదు. వాస్సా అత్తగారి భుజం మీద తల ఆన్చి ఏడుస్తోంది.

వాకిట్లో బూట్ల చప్పుడైంది. జినోవీ ఏం చెప్పాడో, ఏమైందో తెలుసుకోకుండా ఉండలేక యెలిజార్ వచ్చాడు. అలవాటు ప్రకారం గుమ్మంలోనే టోపీ తీసి చంకలో పెట్టుకుని, పటాల వైపు ఎడం చేత్తోనే శిలువ గుర్తు వేసుకున్నాడు. వేసుకుంటూ కళ్ళు పక్కనున్న బొమ్మ వైపు తిప్పాడు. చెయ్యి భుజం దగ్గరే ఆగిపోయింది.

అగాఫియమ్మ కోడల్ని పక్కకి జరిపి, అతని వైపు తిరిగింది.

"రా నాయనా, దగ్గరికి వచ్చి చూడు," అంది. "మా వాణ్ణి ఆఖరిసారి చూసింది నువ్వే. ఇదేనా వాడి మొహం? నువ్వు అవునంటే తుడిచేది లేదు, ఇలాగే గోడకి వేలాడదీస్తాను. చెప్పు."